గంగారాం కోసం కట్టిన ముడుపు

మా మేనత్త పోయిందన్న కబురు ఎల్లారెడ్డి మోటారు బస్సు డ్రైవరు తెచ్చాడు. కామారెడ్డి బడిలో నేను పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. అతను తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పేసి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆఖరి భాగం సదవకుంటనే పాయె గద పంతులూ, అవ్వ" అన్నాడు. అంతవరకు ఆపుకున్న ఏడుపు నాకు ఆ మాటకు వచ్చింది.

పగలంతా ఉర్దూలో లెక్కలు చెప్పి, సాయంత్రాలు తెలుగులో కథ రాసుకునే మనిషిని నేను. రెండేళ్ళుగా నా కథ ఒకటి హైదరాబాదు మాసపత్రికలో భాగాలుగా పడుతోంది. రాజవ్వ అని ఒక ఆడమనిషి. ఆమె తమ్ముడు గంగారాం షోలాపూరు మిల్లుకు పోయి, ఉత్తరం ముక్కైనా రాయడు. వస్తాడా, రాడా అన్నదే కథ. పత్రిక రైల్లో కామారెడ్డికి వచ్చి, అక్కడ మోటారెక్కి ఎల్లారెడ్డిలో మా అత్త పేరు మీద దిగేది. ఆ వాడ ఆడవాళ్ళలో అక్షరం వచ్చింది ఆమెకొక్కతికే. చిన్నప్పుడు అయ్యవారు ఇంటికొచ్చి మా నాయనకు చదువు చెబుతుంటే, వాకిలి ఊడుస్తూ నేర్చుకుందట. వాడికి పలక ఇచ్చి నాకు చీపురు ఇచ్చారు, ఎవరికెక్కువ వచ్చిందో చూసుకో అని నన్ను ఏడిపించేది. మా నాయన ఉత్తరాలు చూసినవాణ్ణి కనుక నేను మారుమాట్లాడేవాణ్ణి కాదు.

పత్రిక వచ్చిన మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్ళంతా మా అత్త అరుగు మీదికి చేరేవారు. ఊరికే కూర్చుని వినడం ఆ అరుగు మీద చెల్లదు. ఎండకాలమైతే చింతపండు కొట్టి గింజలు తీయాలి, తక్కిన రోజుల్లో పల్లికాయ ఒలవాలి. ఎవరింట్లో పని ఎక్కువుంటే వాళ్ళ గంప ముందు పెట్టుకునేవారు. అత్త మాత్రం చింతపండు ముట్టేది కాదు, కాగితానికి జిగట అంటుతుందని. ఆమె వాటా పని తక్కినవాళ్ళు చేసేవారు, అదే ఆమె చదువుకు కూలి. రాజవ్వకు కష్టమొచ్చిన చోట అందరూ పని మరిచి నోళ్ళు తెరుచుకుని ఉండిపోతే, ఆమె కళ్ళద్దాల మీదుగా చూసి, "చేతులాగితే నా నోరు ఆగుతది" అనేది. టకటకమని గింజలు మళ్ళీ రాలిపడేవి. అందరూ వచ్చేదాకా పత్రిక చుట్టు కాగితం చింపేది కాదు. తను ముందుగా ఒక్క పేజీ తిప్పి చూసుకున్న పాపాన పోలేదు.

నేను ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడల్లా ఆమె అనే మాట ఒక్కటే. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు, ఇవేవీ అడగదు. "కాళ్ళు కడుక్క రా, బువ్వ పెడత." తిన్నాకే అసలు పంచాయితీ మొదలయ్యేది. నా పెద్ద పెద్ద సంస్కృతం మాటలు ఆమె నోటికి తిరిగేవి కావు. పండ్లు ఊడిన ముసలిదానికి సకినాలు పెట్టినట్టు ఉన్నదని నిష్ఠూరమాడేది. యుద్ధం వచ్చి కాగితం కరువై పత్రిక పలచబడ్డప్పుడు, నేనే పిసినారితనంతో కథ తగ్గించి రాస్తున్నానని ఆ అరుగు మీద తీర్మానం అయింది.

ఇంకో రెండు నెలల్లో కథ అయిపోతుందని పత్రికలో వేశారు. ఇక ఆ ఆడవాళ్ళకు నిద్ర పట్టలేదు. అందరూ కలిసి ఒక కొబ్బరికాయను పసుపు గుడ్డలో కట్టి పోచమ్మ గుడి దగ్గర వేపకొమ్మకు వేలాడదీశారు. గంగారాం క్షేమంగా ఇల్లు చేరితే తీర్చుకుంటామని మొక్కు. దాన్ని కట్టింది మా అత్తే అని తెలిసి నేను పడీపడీ నవ్వాను. కాగితం మీది మనిషికి ముడుపేమిటి అన్నాను. ఆమె నవ్వలేదు.

"కాగితం మీదోడు రాకపోతే ఏడ్చేది కాగితమా అల్లుడా? కథ నీది. ఏడ్చుడు మాది."

నిజం చెప్పాలంటే గంగారాంను షోలాపూరులోనే చంపేద్దామని ఉంది నాకు. గొప్ప కథలన్నీ చావుతోనే ముగుస్తాయని ఆ రోజుల్లో ఒక పిచ్చి. ఆ మాట విన్నాక కామారెడ్డికి తిరిగివచ్చి చాలా రోజులు కలం పట్టలేదు. తర్వాత రాసి, హైదరాబాదుకు పంపాను.

ఉగాది దాటాక అత్తకు జ్వరం తగిలింది. వెళ్ళేసరికి మంచంలో పిడికెడైపోయి ఉంది. కాళ్ళు కడుక్కొమ్మని చేత్తో సైగ చేసింది, అంతే. బయట అరుగు మీద గింజలు రాలుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆఖరికి ఏమవుతుందో చెప్పనా అని చెవి దగ్గర వంగి అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"చెప్పకు. గీళ్ళందరు ఎదురు సూడంగ నేనొక్కదాన్ని ఎట్ల వింట? దొంగతిండి అయితది."

కొంతసేపటికి కళ్ళు తెరిచి, మళ్ళీ నోరు తిరగని మాటలు రాశావా అని అడిగింది. లేదత్తా, నీ నోటికి తిరిగేవే రాశాను అన్నాను. "గట్లయితే మంచిగనే ఉంటది" అని కళ్ళు మూసుకుంది. ఆమె నాతో అన్న చివరి మాట అది. నా రాతకు అంతకంటే మెప్పు నాకు అక్కర్లేదు.

బడి ఉందని నేను కామారెడ్డికి తిరిగొచ్చిన నాలుగో నాడే డ్రైవరు ఆ కబురు తెచ్చాడు. దినాలు అయిన మర్నాడు ఎల్లారెడ్డికి పత్రిక వచ్చింది. డ్రైవరు మోటారు వదిలి తనే ఇంటిదాకా తెచ్చి ఇచ్చాడు. మధ్యాహ్నం ఆడవాళ్ళు ఎప్పటిలాగే చింతపండు గంపలతో వచ్చి కూర్చున్నారు. అత్త కూర్చునే చోటు ఖాళీగా ఉంచి నా వైపు చూశారు. నేను చుట్టు కాగితం మెల్లగా విప్పి పక్కన పెట్టి, చదవడం మొదలుపెట్టాను.

బాగానే చదివాను, గంగారాం రైలు దిగి, ఊరు చేరి, వాకిట్లో తలవంచుకుని నిలబడేదాకా. రాజవ్వ లోపలి నుంచి వస్తుంది. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావని అడగదు. ఏడవదు. ఒక్క మాట అంటుంది. ఆ మాట నేను రాసిందే, నా కళ్ళ ముందే అచ్చులో ఉంది. కాళ్ళు కడుక్క రా, బువ్వ పెడత. ఎంత ప్రయత్నించినా అది నా నోటివెంట రాలేదు.

ఎవరూ తలెత్తి నన్ను చూడలేదు. చింతపండు కొడుతూనే పక్కింటి అవ్వ అన్నది, "నీ నోరాగితే ఆగనియ్ కొడుకా. మా చేతులు ఆగయి." టకటకమని గింజలు రాలుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఊతగా పట్టుకుని మిగిలింది చదివేశాను.

మరునాడు ముడుపు విప్పారు. కొబ్బరికాయలో నీళ్ళు ఇంకి, కొబ్బరి ఎండి ఎండి కుడక అయిపోయి ఉంది. ఎవరి పేరు మీద మొక్కు అని గుడి ముసలాయన అడిగాడు. గంగారాం పేరు గానీ రాజవ్వ పేరు గానీ ఎవరూ ఎత్తలేదు. అందరూ మా అత్త పేరే చెప్పారు.

మోటారెక్కేటప్పుడు పక్కింటి అవ్వ నా వాటా కుడక ముక్క చేతిలో పెట్టింది. చుట్టడానికి ఇంకేం దొరకలేదేమో, పత్రిక చుట్టు కాగితంలోనే చుట్టింది. పైన మా అత్త పేరు, కింద ఎల్లారెడ్డి అని అచ్చులో ఉన్నాయి. పత్రిక వాళ్ళకు ఇంకా తెలియదు. కామారెడ్డిలో దిగేదాకా ఆ పేరు నలగకుండా పొట్లాన్ని అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను.