ఎర్రచీర కనబడేంత దూరం

క్రూజ్ టికెట్లు తీశానని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఆ ఓడ మన ఊరి ముందునుంచి వెళ్తుందా అని. తిండి ఏం పెడతారనో, పడుకోవడానికి మంచాలుంటాయా అనో అడుగుతుందనుకున్నా. అబ్బే! విశాఖ నుంచి చెన్నై వెళ్ళాలంటే మన సముద్రంలోంచే కదమ్మా అన్నాను. అంతే, ఆవిడ కాళ్ళు ఇక నేలమీద నిలవలేదు.

మాది నరసాపురానికి దిగువన సముద్రం ఒడ్డు ఊరు. నాన్న నలభై ఏళ్ళు వేటకెళ్ళాడు, అమ్మ నలభై ఏళ్ళు చేపలమ్మింది. కానీ మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు వేటపడవ ఎక్కకూడదు. కాబట్టి అమ్మ సముద్రాన్ని ఒడ్డునుంచి చూడ్డమే. పెళ్ళైన కొత్తలో పడవ కనుమరుగైతే చాలు, ఇసకలో కూర్చుని ఏడ్చేదట. నువ్వు ఎర్రచీర కట్టుకుని ఒడ్డున నిలబడు, ఎంత దూరం పోయినా నాకు కనిపిస్తావు అని నాన్న చెప్పాడట. ఆ రోజునుంచి ఆయన వేటకెళ్ళిన ప్రతి పొద్దునా అమ్మ ఎర్రచీరే. ఒంట్లో జ్వరమున్నా సరే, పొద్దెక్కేదాకా నిలబడి వచ్చేది. స్కూలుకి టైమైపోతుంటే జడ వేసేవాళ్ళు లేక నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు ఆవిడ కోరిక ఒక్కటే. నాన్నకి తను ఎలా కనబడేదో కళ్ళారా చూడాలి. అందుకోసం ఏం చేసిందనుకున్నారు? ఆ ఎర్రచీర మా పిన్నికిచ్చి, ఓడ వెళ్ళే రోజు తెల్లారగానే ఒడ్డున నిలబడమని ఒప్పించింది! ఈ సంగతి మాకు రైల్లో, తుని దాటాక చెప్పింది. నేను పడీపడీ నవ్వాను. నాన్న మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

విశాఖలో రేవుకెళ్తే నా కళ్ళు నేనే నమ్మలేదు. ఎప్పుడో పడవ ఇంజను సామాను కోసం నాన్న వచ్చినప్పుడు ఇక్కడంతా బొగ్గు దుమ్మేనట. ఇప్పుడు అద్దాల టెర్మినల్, ఏసీ, ఎయిర్‌పోర్టులో లాగా చెకింగు. గంగమ్మకి కొట్టాలని అమ్మ తెచ్చిన కొబ్బరికాయని ఆ చెకింగులోనే తీసేసుకున్నారు. ఆవిడ పోట్లాటకి సిద్ధమైంది గానీ, అప్పుడే తలెత్తి ఓడని చూసి మాట మర్చిపోయింది. ఎన్ని అంతస్తులో! లోపల ఈతకొలను చూసి, చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని మళ్ళీ ఈ నీళ్ళతొట్టి ఏంటని వెటకారమాడింది. ఓడ కదిలి, ఊరి దీపాలు వెనక్కి జరుగుతుంటే చిన్నపిల్లలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ తక్కువేం కాదు, సంబరంలో మూడు ఐస్‌క్రీములు లాగించేశాను.

తెల్లారుతుండగానే అమ్మ మమ్మల్ని లేపి డెక్ మీదకి లాక్కెళ్ళింది. ఎటు చూసినా నీళ్ళే. కాసేపటికి నాన్న కిందకి చూసి, రంగు మారింది, ఇవి గోదావరి వరదనీళ్ళు అన్నాడు. మన ఊరు సరిగ్గా ఇటే అని చెయ్యి చాపి చూపించాడు. అమ్మ అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కళ్ళజోడు తుడుచుకుని చూసింది. నా ఫోన్ కెమెరా జూమ్ చేయించి మరీ చూసింది. చీర సంగతి దేవుడెరుగు, అసలు ఒడ్డే లేదు.

ఓడ బాగా దూరంగా పోతోందిలే అమ్మా అని సర్దిచెప్పబోయాను. నాన్న నన్ను ఆపి, అమ్మ వైపు తిరిగాడు.

"పడవలోంచి కూడా కనబడేది కాదు. నువ్వు ఏడుస్తుంటే చూళ్ళేక అలా చెప్పాను."

"నలభై ఏళ్ళు ఎండలో నిలబెట్టావు కదయ్యా" అని, అమ్మ వెళ్ళి దూరంగా ఓ కుర్చీలో కూర్చుంది. టిఫినుకి రమ్మంటే రాలేదు. నాన్నే ప్లేట్లో ఇడ్లీలు పెట్టుకుని తీసుకెళ్ళాడు. మొహం తిప్పుకుంది గానీ తినేసింది. నాకు నాన్న మీద పీకలదాకా కోపమొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఒడ్డు దగ్గరపడి సిగ్నల్ రాగానే అమ్మ ఫోను మోగింది. పిన్ని. మధ్యాహ్నందాకా నిలబడిందట, కాళ్ళు పీకేస్తున్నాయట, ఊళ్ళో వాళ్ళంతా ఒకటే నవ్వట. ఇంతకీ కనిపించానా లేదా అని అడుగుతున్న గొంతు పక్కనున్న మాకూ వినబడుతోంది. నాన్న తల దించుకున్నాడు. అమ్మ ఆయన వైపు కాసేపు చూసింది.

"కనిపించావే. ఎర్రగా, చక్కగా కనిపించావు."