నాచు తినే నత్తలు

ధర్మవరంలో మా ఇంట్లో కొత్తగా పెట్టిన ఉప్పునీటి అక్వేరియంలో పచ్చటి నాచు జుట్టులా పెరిగి పగడాలను కప్పేస్తా వచ్చింది. చేత్తో పీకినా, లైటు తగ్గించినా ఆగలేదు. చివరికి నాచు తినే సముద్రపు నత్తలను బెంగళూరులో కొని రైలెక్కినాను. పెనుకొండ దగ్గర రైలు ఆగిపోయింది. ఒళ్లో నత్తలున్న నీళ్ల కవరు ఎండకు వేడెక్కుతాంటే నాకు చెమటలు పట్టినాయి.

ఇంటికొచ్చి, కవరులో అక్వేరియం నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, నత్తలను లోపలికి వదిలినాను. ఒక్కటీ కదల్లేదు.

"చచ్చినాయేమోరా," అన్నాడు మగ్గం మీదనుంచి లేచొచ్చిన నాయన.

ఇద్దరం అట్లే చూస్తా కూర్చున్నాం. చాలాసేపటికి ఒక నత్త గుల్లలోంచి బయటికొచ్చి అద్దాన్ని పట్టుకునింది. అది పాకినంత మేరా అద్దం తేటగా కనిపించింది.

"తింటాండాది!" అని నాయన అరిచినాడు.

రెండు మాత్రం బతకలేదు. మిగిలినవి తెల్లారేసరికి పగడాల మీదికి ఎక్కినాయి.