మూడు మీటర్ల లోతు గని

ఎవాల్డ్ గ్రాబిన్‌స్కి ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళు తోడాడు. బావి నీళ్ళు కావు. ఎనిమిది వందల మీటర్ల కింద, బొగ్గు గని అడుగున, రాతి పగుళ్ళలోంచి చెమటలా ఊరే ఉప్పునీళ్ళు. అవన్నీ పారి పారి చివరికి చేరే గుంటను గనిలో సంపు అంటారు. సంపు పక్కన పంపుల గది, ఆ గదిలో ఎవాల్డ్. పైన వానలు కురిసేవి, మంచు పడేది, ఎన్నికలు జరిగేవి. కింద అతనికి తెలిసిన వాతావరణం ఒక్కటే: పంపు మోత. అది ఉన్నంతసేపు అంతా బాగున్నట్టు.

గని మూసేసి పదకొండేళ్ళయింది. జర్మనీలోని హెర్నే ఊళ్ళో మా వీధి మాత్రం తొలిచేసిన నేల మీద నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు ఇప్పటికీ కొంచెం కొంచెం కుంగుతూనే ఉంది. మా మేడలో నేల మీద గోళీ పెడితే దానంతటదే కిటికీ వైపు నడిచిపోతుంది. పై అంతస్తులో నేనుంటాను. మధ్యలో యాషార్, అతని భార్య నెబహత్. కింద ఎవాల్డ్, అతని భార్య రోస్‌విటా. ఆ ఇద్దరితో పాటు, వాళ్ళ ముందు గదిలో, ఒక సముద్రం.

చిన్న సముద్రమే. రెండు చేతులూ చాచి పట్టుకుంటే పట్టేంత గాజు తొట్టి. అందులో ఊదారంగు పగడాలు, తెల్లటి ఇసుక. ఇసుకలో ఒక రొయ్య, ఒక పసుపు చేప. రొయ్యకు చూపు ఆనదు. అయినా రోజంతా బొరియ తవ్వుతుంది, తవ్విన ఇసుకను ముందుకాళ్ళతో తోసుకొచ్చి గుమ్మం బయట పోస్తుంది. గుమ్మంలో చేప కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ చేప తోకను ఆనుకునే ఉంటుంది. తోక అదిరిందా, ఇద్దరూ లోపలికి పరుగు. ఎవాల్డ్ పొద్దున్నే దీపం వెలిగించి, కాఫీ కప్పుతో తొట్టి ముందు కూర్చుని, "గ్లూక్ ఔఫ్" అని వాళ్ళను పలకరించేవాడు. గనిలోకి దిగేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే మాట అది. మరి ఆ రొయ్య చేసేదీ గని పనే కదా.

చిక్కంతా తొట్టి కింది బీరువాలో ఉంది. నీళ్ళను తిప్పే పంపు, మురికిని నురుగు కట్టించి తీసేసే పొడవాటి గొట్టం, రెండూ అందులోనే. రెండూ కలిసి మూలుగుతుండేవి. రోస్‌విటా పని చూస్తే అకార్డియన్లు బాగుచేసి శ్రుతి చేయడం. ఆమె బల్ల ఆ తొట్టికి ఆరడుగుల దూరంలో. గాలికి అదిరి పలికే లోహపు రేకు, అంటే రీడు ఒకటి పలికించి, దాని జంట రీడు పలికించి, రెండింటి మధ్య గాలిలో వణికే అలను చెవితో లెక్కపెట్టాలి. మూడో గొంతు ఒకటి పిలవకుండా వచ్చి కూర్చుంటే ఆ అల ఎలా దొరుకుతుంది?

"ఏమయ్యా, నీ పంపు పాడేది ఏ స్వరమో తెలుసా?" అంది ఒకరోజు, స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి.

"ఏదీ?"

"ఏదీ కాదు. రెండు స్వరాల మధ్య సందు. నిన్న షుల్టె గారి అకార్డియన్ మూడుసార్లు శ్రుతి చేశాను. మూడుసార్లూ నీ పంపుతో కలిసింది. లోకంతో కలవలేదు."

"కిటికీ తెరిస్తే..."

"కిటికీ తెరిస్తే ట్రాము. ట్రాము వెళ్ళిపోతుందయ్యా, నీ పంపు వెళ్ళదు." అప్పుడు చెప్పింది అసలు మాట. వీధి చివర పళ్ళ డాక్టరు లూకె తన వెయిటింగ్ గదికి అలాంటి తొట్టి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. "పెంతెకొస్తు పండుగ దాకా చూస్తాను. అప్పటికీ ఈ మూలుగు ఈ గదిలో ఉంటే, తొట్టి ఆయన దగ్గరికి. పళ్ళు నొప్పెట్టేవాళ్ళకి ఏ మూలుగైనా ఒకటే."

రోస్‌విటా మాట అంటే మాటే. ఎవాల్డ్ ఆ సాయంత్రం బంగాళాదుంపల సలాడ్ రెండోసారి పెట్టించుకోలేదు. మెట్ల మీద అది విని మేమంతా కంగారు పడ్డాం.

మర్నాటికి ఉపాయం దొరికింది. పంపునూ నురుగు గొట్టాన్నీ కింద నేలమాళిగలోకి దింపెయ్యాలి. ముందు గది నేలకు చిల్లు పెట్టి, తొట్టి నుంచి ఒక గొట్టం కిందికి, కింద పెట్టిన నీళ్ళ పెట్టె నుంచి ఒక గొట్టం పైకి. పైన సముద్రం, కింద సంపు. సంపు అన్న మాట నాలుక మీదికి రాగానే మనిషి పదేళ్ళు చిన్నవాడయ్యాడు.

కానీ నేలమాళిగలో ఎవరి గది వాళ్ళది. ఎవాల్డ్ గది అటు చివర బాయిలర్ పక్కన. అతని ముందు గదికి సరిగ్గా కింద ఉన్నది యాషార్ది. యాషార్ కూడా గని మనిషే, కప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టే పని చేసేవాడు.

"ఒరే యాషార్, గదులు మార్చుకుందాం రా. నీది నాకియ్యి, నాది నువ్వు తీసుకో."

"నాకేంరా, తీసుకో. అందులో నాదంటూ ఉన్నది ఒక సైకిలు, దానికీ గాలి లేదు. కానీ గది నాది కాదు."

"అద్దె కాగితాల మీద నీ పేరే ఉందిగా?"

"కాగితం మీద నేనే. లోపలికి వెళ్ళి చూడు, ఎవరిదో తెలుస్తుంది."

లోపల ఆరు పీపాలు. క్యాబేజీ, దోసకాయ, పచ్చి టమాటా, అన్నీ ఉప్పునీళ్ళలో ఊరుతూ, చల్లటి ఉత్తరపు గోడను ఆనుకుని బారుగా నిలబడి ఉన్నాయి. వాళ్ళ వెనకే నెబహత్ మెట్లు దిగొచ్చింది.

"బాయిలర్ పక్కనా? ఆబీ, నా క్యాబేజీకి జ్వరం తెప్పిస్తావా?" ఎవాల్డ్‌ను ఆమె ఎప్పుడూ ఆబీ అనే పిలుస్తుంది, వాళ్ళ టర్కీ భాషలో అన్న అని. అలా పిలుస్తూనే ఏ అన్నకూ దొరకని తిట్లు తిడుతుంది.

"మరి పండుగ దాటితే నా తొట్టి పోతుందమ్మా."

నెబహత్ పీపాల వైపు చూసింది, అతని వైపు చూసింది. కాలి బొటనవేలితో నేల మీద అడ్డంగా ఒక గీత గీసింది. "ఈ సగం నీది. నా ఉప్పునీళ్ళు ఇటు, నీ ఉప్పునీళ్ళు అటు. నీది గీత దాటి వచ్చిందంటే, ఆ తొట్టిని పళ్ళ డాక్టరు ఇంటికి నేనే నెత్తిన పెట్టుకుని మోసుకెళ్తాను."

మేడను అద్దెకిచ్చిన ఇళ్ళ సంఘానికి ఎవాల్డ్ ఉత్తరం రాశాడు. మూడు వారాలకు జవాబొచ్చింది: చిల్లు పెట్టుకోవచ్చు, ఇల్లు వదిలేటప్పుడు పూడ్చి ఇవ్వాలి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా డ్రిల్లు మోగకూడదు.

ఆ శనివారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఇంకెవరైనా అయితే పైనుంచి ఒకే దారిన తొలిచేసేవారు. వీళ్ళు గని మనుషులు, పైనుంచి ఎవాల్డ్, కిందినుంచి యాషార్ తొలిచారు. కొలత తాడు వేలాడదీసి, గోడ నుంచి మూడేసిసార్లు కొలుచుకుని, ఇద్దరూ ఒకేసారి రాతి రెండు ముఖాల మీద పడ్డారు. మా ఇంట్లో పళ్ళేలు అలమరాలోంచి నడిచొస్తాయేమో అనిపించింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒంటిగంటకు పది నిమిషాలుండగా మోత ఆగింది. కిందికి పరుగెత్తాను.

నేలలో ఒక చిల్లు. చిల్లులోంచి తెల్లటి దుమ్ము పట్టిన యాషార్ వేలొకటి పైకి వచ్చి ఊగుతోంది. ఎవాల్డ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ వేలితో కరచాలనం చేస్తున్నాడు. రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చినవాళ్ళు కలుసుకుంటే గనిలో పండుగ. ఎవాల్డ్ చిన్న గ్లాసులో సారాయి పోసుకున్నాడు, యాషార్ టీ తాగాడు. చిల్లు మధ్యలో కాస్త వంకర తిరిగిందని రోస్‌విటా అంటే ఇద్దరూ వినబడనట్టు నటించారు.

తరువాతి వారమంతా గొట్టాలు, జిగురు, కొలతలు. సంపు అని పేరు పెట్టుకున్న గాజు పెట్టెను యాషార్ చేసిన బల్ల మీద పెట్టారు. దిగే గొట్టానికి ఒక కుళాయి బిగించి, నీళ్ళు గుటకలు వేసే చప్పుడు పోయేదాకా వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పాడు ఎవాల్డ్. కొత్త పంపు మూడు మీటర్లు ఎత్తితే చాలు. "ఎనిమిది వందల మీటర్లు తోడినవాణ్ణి," అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ సంపును అంచుకు రెండు వేళ్ళ దూరం దాకా నింపేశాడు. పంపు ఎప్పుడూ గాలి పీల్చకూడదు, సంపులో నీళ్ళు తగ్గకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళ పాఠం.

స్విచ్ వేశాడు. నీళ్ళు పైకెక్కాయి, తొట్టి అంచు మీదుగా వంగి నీళ్ళలో మునిగిన గొట్టంలోంచి లోపలికి చేరాయి, ఇటు నుంచి నెమ్మదిగా దిగొచ్చాయి. కింద ఐదుగురం నిలబడి చూశాం. ఆ చిన్న పెట్టె చుట్టూ నేలమాళిగ అంతా నీలంగా మెరిసింది. రోస్‌విటా శ్రుతి చూడటానికి పైకి వెళ్ళింది.

"అంతా బాగానే ఉంది. కరెంటు పోతేనో?" అంది నెబహత్.

"పోదు," అన్నాడు ఎవాల్డ్.

"పోతే?"

"గనిలో మూడు లైన్లు ఉండేవి. ఒకటి పోతే ఇంకోటి. పంపు ఆగడమనేదే లేదు. ఆగితే నీళ్ళు పైకొచ్చేస్తాయి. ఇప్పటికీ కంపెనీవాళ్ళు తోడుతూనే ఉన్నారు, మానేస్తే మన వీధే చెరువవుతుంది."

"నేను అడిగింది గని గురించి కాదు ఆబీ," అంటూ నెబహత్ ప్లగ్గు లాగేసింది.

మోత ఆగింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరువాత, పైకి వెళ్ళిన గొట్టంలో నీళ్ళు మనసు మార్చుకుని వెనక్కి తిరిగాయి. సంపు మట్టం ఒక వేలు లేచింది. రెండో వేలు లేచింది. నీళ్ళు అంచు మీద ఒక్కసారి ఉబ్బి, మెరిసి, బల్ల మీదికి, నేల మీదికి దిగాయి.

"ఆపు! ఆపు!" అని అరుస్తూ ఎవాల్డ్ రెండు చేతులూ పెట్టె అంచుకు అడ్డం పెట్టాడు. గనిలో నీళ్ళు కిందినుంచే వచ్చేవి, పైనుంచి వచ్చే నీళ్ళను ఆపడం అతనికి ఎవరూ నేర్పలేదు. యాషార్ సైకిలును ఎత్తి భుజాన వేసుకున్నాడు, ఎందుకో అతనికే తెలియదు. నీళ్ళు గీత దాటి మొదటి పీపా అడుగును తాకాయి.

నెబహత్ చిల్లు కింద నిలబడి నోటికి చేతులు అడ్డుపెట్టుకుంది. "అక్కా! రోస్‌విటక్కా! తొట్టిలో మునిగిన గొట్టం ఉంది చూడు, దాని మూతి నీళ్ళ పైకి ఎత్తు!"

"ఏ గొట్టం?"

"వంగిందమ్మా! వంగింది! ఎత్తెయ్!"

పైన గొట్టం గర్రుమని గాలి మింగింది. కింద నీళ్ళు ఆగాయి.

నేల మీద రెండు బకెట్ల సముద్రం. అందులో కొంత గీతకు ఇటు, పీపాల మధ్య. ఎవాల్డ్ చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతను నెబహత్ వైపు చూడలేకపోయాడు.

నెబహత్ వంగి, నేల మీద వేలు ముంచి, నాలుక చివర పెట్టుకుంది. మొహం చిట్లించింది.

"ఇదా నీ సముద్రం? ఉప్పే లేదు! ఈ నీరసం నీళ్ళలో దోసకాయ వారం కూడా నిలవదు, నీ చేపలెలా బతుకుతున్నాయి ఆబీ?"

"మాటంటే మాటే," అన్నాడు ఎవాల్డ్ మెల్లగా. "గీత దాటింది. తొట్టి..."

"తొట్టి సంగతి తరువాత. ముందు ఇది చెప్పు: పీపాలోంచి పాత ఉప్పునీళ్ళు గొట్టంతో తీయడం ఎప్పుడైనా చూశావా? గొట్టం మూతి నీళ్ళలో ఉన్నంతసేపు దిగుతూనే ఉంటాయి. గాలి తగిలితే ఆగుతాయి. మా అమ్మ నాకు ఏడేళ్ళప్పుడు నేర్పింది. నీ గనిలో నీళ్ళు ఎక్కడమే చూశావు. నా పీపాల్లో దిగడమే చూశాను నేను."

అప్పటికప్పుడు పని మొదలైంది. తొట్టిలోని గొట్టానికి, నీటి మట్టానికి గోరంత కింద, ఒక సన్న బెజ్జం పెట్టారు. మట్టం గోరంత దిగితే చాలు, గాలి దూరుతుంది. ఇక మిగిలింది సంపు. నెబహత్ చాక్‌పీసుతో పెట్టె గాజు మీద సగం దగ్గర గీత గీసింది.

"దీనికి పైన చుక్క ఉండకూడదు."

"సగం ఖాళీగానా?" అన్నాడు ఎవాల్డ్. "సగం ఖాళీ సంపు ఎక్కడైనా ఉంటుందా?"

"ఒరే," అన్నాడు యాషార్ సైకిలు దించుతూ, "పైనుంచి దిగేవాటికి కాస్త చోటుండాలి కదరా."

పంపు మళ్ళీ నడిపి, నీళ్ళు సర్దుకున్నాక ఎవాల్డ్ మగ్గు తీసుకున్నాడు. ఒక్కొక్క మగ్గే తోడి బకెట్లో పోశాడు, చాక్ గీత దాకా. జీవితంలో మొదటిసారి నీళ్ళు తగ్గించడానికి కాదు, ఖాళీని మిగల్చడానికి తోడాడు. ఈ మధ్యలో నెబహత్ గుడ్డ తెచ్చి తన సగం నేల శుభ్రంగా తుడిచేసుకుంది. మట్టం గీత దగ్గర నిలిచాక, "చేతులు వెనక్కి పెట్టుకో," అని ఎవాల్డ్‌కు చెప్పి మళ్ళీ ప్లగ్గు లాగింది.

నీళ్ళు వెనక్కి తిరిగాయి. మట్టం చాక్ గీత దాటి లేచింది. ఎవాల్డ్ వీపు వెనక వేళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి. పైన తొట్టిలో ఎక్కడో సన్నగా ఈల వేసినట్టు వినిపించింది, బెజ్జంలో గాలి దూరుతున్న చప్పుడు. మట్టం ఇంకో వేలు లేచింది. అంచుకు ఇంకా బెత్తెడు దూరం ఉండగా ఆగింది. అలాగే నిలబడింది.

నెబహత్ ప్లగ్గు తిరిగి పెట్టింది. పంపు కదిలింది. కాసేపటికి చిల్లులోంచి అకార్డియన్ స్వరం ఒకటి దిగొచ్చింది. దాని జంట దిగొచ్చింది. రెండింటి మధ్య వణుకుతున్న అల నెమ్మదైంది, ఇంకా నెమ్మదైంది, నీళ్ళలో చక్కెర కరిగినట్టు కరిగిపోయింది.

"ఏమయ్యా!" రోస్‌విటా గొంతు చిల్లులోంచి. "మళ్ళీ ఆపేశారా?"

"లేదే, నడుస్తోంది!"

"అబద్ధం. ఏమీ వినబడటం లేదు."

"నడుస్తోందే రోసీ! చెయ్యి పెట్టే ఉన్నాను!"

ఎవాల్డ్ అరచేయి పంపు పక్కన గాజుకు ఆనించి ఉంది, తల చిల్లు వైపు ఎత్తి ఉంది.

"అయితే లూకె గారికి ఫోన్ చేస్తున్నాను. రోగులకి ఏదైనా చేపల బొమ్మల పుస్తకం కొనిపెట్టుకొమ్మంటాను."

నెబహత్ గుడ్డ పిండి ఎవాల్డ్ చేతిలో పెట్టింది.

"నీ సగం నువ్వు తుడుచుకో ఆబీ," అంది. "జారి పడతారెవరైనా."