పూరేడు వైపు నుంచి

సెప్టెంబరు వచ్చిందంటే సౌదీలోని ఈ బురైదా ఊరి చుట్టూ ఉన్న ఖర్జూర తోటల్లోంచి తెల్లవారేటప్పుడు పూరేడు కూత వినిపిస్తుంది. ఒకే కూత, ఒకే కొలతలో, ఆగకుండా. ఈ ఉదయం డ్యూటీ బస్సెక్కుతుంటే మళ్లీ వినబడింది. కొత్తగా వచ్చిన నర్సులు "ఎంత బాగుందో మేడమ్" అని మురిసిపోయారు. మొదటి ఏడాది నేనూ అలాగే మురిసిపోయాను. అప్పుడు నిర్మలక్క నా వైపు జాలిగా చూసి, "అది పిట్ట కాదే రూతూ, కూత రికార్డు చేసిన డబ్బా. వల పక్కన పెట్టి మోగిస్తారు. తోటి పిట్టలున్నాయనుకుని దిగుతాయి పాపం," అంది. ఆవిడ నాకు చెప్పిన మొదటి పాఠం అదే.

నిర్మలక్కది నరసాపురం దగ్గర పల్లె. నేను వచ్చేటప్పటికే ఈ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా నర్సు. ఆవిడ మనసు వెన్న అని రాస్తే ఆవిడే పడీపడీ నవ్వేది. నోటికి మాత్రం డాక్టర్లు కూడా జడిసేవారు. ఇక్కడ చర్చికి అనుమతి లేదు, పాస్టరుగారు లేరు. శుక్రవారం హాస్టల్లో నలుగురం ఒక గదిలో చేరి, టీవీ గట్టిగా పెట్టి, ఆ చప్పుడు చాటున పాటలు గొంతులోనే పాడుకునేవాళ్లం. వాక్యం చెప్పడం అక్క వంతు. ఆవిడ ఏది ఎత్తుకున్నా చివరికి హాస్టలు డాబా మీద వాలే పిట్టల దగ్గరికే వచ్చేది. చలి దేశాల నుంచి ఎడారి దాటుకుంటూ వచ్చి, ఏసీ పైపు కారే చోట నాలుగు చుక్కలు తాగి పోయే పిట్టలు.

ఒక శుక్రవారం నేను, బైబిల్లో అరణ్యంలో ఆకలితో ఉన్న ప్రజలకు దేవుడు పూరేళ్లను పంపిన సంగతి ఎత్తి, ఈ ఎడారిలో నాకూ అలాగే ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పాను. అక్క ఒప్పుకోలేదు.

"అందరూ తిన్నోళ్ల వైపు నుంచే చదువుతారే. పూరేడు వైపు నుంచి ఎవరన్నా చదివారా? అంత దూరం ఎగిరొచ్చి, రెక్కలాడక మనుషుల కాళ్ల దగ్గర పడ్డాయవి. నువ్వు తిన్నోళ్లలో ఉన్నాననుకుంటున్నావు. ఇక్కడ గొర్రెలు కాసేవోణ్ణి అడుగు, ఆడు ఎందులో ఉన్నాడో."

సాక్ష్యానికి ఎదురు చెప్పడమేంటని రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

ఆ వారంలోనే ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కితే నీళ్ల ట్యాంకు పక్కన ఒక పూరేడు పడి ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. దాహమనుకుని ముక్కు తెరిచి, సీసా మూతతో నీళ్లు పోశాను. ఒకసారి గుటక పడినట్టనిపించింది. అంతే, నా అరచేతిలోనే బిగుసుకుపోయింది. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క నీళ్లు పోయకూడదని నర్సింగులో మొదటి ఏడాదే నేర్పుతారు. అది మర్చిపోయి చేసిన పని.

"దాని కోసం పోశావా, నీ ప్రాణం ఊరుకోక పోశావా?" అని అక్క కసిరింది. తర్వాత ఆ వేడి గచ్చు మీదే నా పక్కన కూలబడింది. "పిచ్చుక నేల రాలితే పరలోకపు తండ్రికి తెలుస్తుందని వాక్యంలో చెప్పారు గానీ, అసలు రాలదని చెప్పలేదే. చెయ్యగలిగింది లేనప్పుడు పక్కన కూర్చుని చూడు. అదీ పనే."

ఆ మాట అప్పుడే తలకెక్కి ఉంటే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు. నెల తిరక్కుండా మా వార్డుకు రాజలింగు అనే మనిషిని తెచ్చారు. నిజామాబాద్ వైపు వాడు, నలభై దాటాయి. ఊరవతల ఎడారిలో గొర్రెలు కాసేవాడు. ఎండకు కిడ్నీలు పాడయ్యాక, బాగా ఆలస్యం చేసి తీసుకొచ్చారు. ఇక నిలవడని డాక్టరు మాతో చెప్పేశాడు. ఆ మధ్యాహ్నం అతని దగ్గర డ్యూటీ నాది.

"సిస్టర్, మంచిగైతనా? ఇంటికి వోతనా?" అనడిగాడు.

"ఎందుకు పోవు అన్నా? వారంలో లేచి తిరుగుతావు," అన్నాను.

అతని మొహం తేటపడింది. భార్యకు ఫోన్ కలిపి ఇస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సిస్టర్. గీ గొంతు ఇంటే మా గంగవ్వ బుగులువడ్తది. మంచిగైనంక నేనే జేస్త."

సరేనన్నాను. సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు కదపడం అనుకున్నాను. మంచి మాట చెప్పానన్న తృప్తితో భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి, పై అంతస్తు నుంచి మందుల కోసం దిగిన నిర్మలక్క అతని మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అతని చెయ్యి ఆవిడ చేతుల్లో ఉంది. ప్రాణం పోయి ఐదు నిమిషాలైందట.

"ఇంటికి మాట్లాడించావా?" అనడిగింది. జరిగింది చెప్పాను. ఈసారి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం అతని ఫోను మోగింది, గంగవ్వే. అక్క దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వే చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు," అని బయటికి వెళ్లింది.

చెప్పాను. వారంలో లేస్తాడని నేనే అబద్ధమాడానని, అందుకే అతను ఫోన్ చేయలేదని కూడా చెప్పాను. అవతల ఒకటే ఏడుపు. చాలాసేపటికి గంగవ్వ ఒక్కటే అడిగింది.

"పానం వోయేటప్పుడు పక్కన ఎవలన్న ఉన్నరా సిస్టర్?"

"ఉన్నారమ్మా," అన్నాను.

నిర్మలక్క తర్వాత ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, ఇక తిరిగి రాకుండా ఊరెళ్లిపోయింది. వెళ్లిన ఏడాదికే పోయింది. చివరి గంటలో ఆవిడ పక్కన ఎవరున్నారో అడిగే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు. ఇప్పుడు ఆ వార్డు బాధ్యత నాది. లేవలేని మనిషికి బాగైపోతావని చెప్పను, ఇంటికి ఫోన్ కలపనా అని అడుగుతాను. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంటాను. ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ నర్సులు విసుక్కుంటే విసుక్కోనీ అనుకుంటాను.

ఒక్క సంగతి మాత్రం అక్కకు కూడా చెప్పలేదు. ఆ రోజు నేను ఉన్నారనగానే గంగవ్వ, "నువ్వన్న ఉన్నవు తల్లీ, నీ కాళ్లు మొక్కుత," అంది. ఉన్నది నేను కాదని నేను చెప్పలేదు.