ముదురు అన్నభేది

ముందే ఒప్పుకుంటున్నాను: నా నోట పడితే చీమ కూడా ఎనుమై బయటికొస్తుంది. కాబట్టి దీన్ని కొంచెం నీళ్లు కలుపుకొని చదవండి. కోపాన్ని మాత్రం చిక్కగానే తీసుకోండి.

కడప పక్కన మా ఆవిడ తన చేత్తో నాటి పెంచిన చీనీ, అంటే బత్తాయి, తోట ఉంది. అరవై చెట్లు. ఆ ఏడే మొదటి కాపు రావాలి. అలాంటప్పుడు ఆకులు పసుపుపచ్చగా తిరిగి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయి. తోటకు తోటే నలుగు పెట్టుకొని కూర్చున్నట్టుంది. మా నేలలో సున్నం ఎక్కువ. మట్టిలో ఇనుమున్నా వేళ్లకు అందనివ్వదు. అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొట్టమనీ, ఆలస్యమైతే కాపు ఆశ వదులుకోమనీ వ్యవసాయాధికారి చెప్పాడు.

అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుప ఉప్పు. మంచిదైతే లేత ఆకుపచ్చ గాజుపెంకుల్లా ఉండి, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. గాలికి వదిలేస్తే తుప్పురంగుకు తిరుగుతుంది. ఆ తుప్పు చెట్టుకు ఎందుకూ పనికిరాదు. డిగ్రీలో నేను చదివిన రసాయనశాస్త్రంలో నాకు గుర్తున్నది ఇదొక్కటే.

ఎరువుల అంగడాయన మూలన నోరు తెరుచుకొని పడున్న గోతాం లాగాడు. మా ముత్తాత పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉన్నట్టుంది. లోపల ఇటుకపొడి. ఇది పాడైందేమో అన్నాను.

“ఏమప్పా, తుప్పు లేని ఇనుము యాడైనా ఉంటాదా? పచ్చగా ఉండేది పసి సరుకు. ఇది ముదురుది. శానా పవరు.”

అరుగు మీది రైతులందరూ తలలూపారు. పాత బియ్యానికీ పాత చింతపండుకూ ఇచ్చే గౌరవాన్ని మావాళ్లు రసాయనానికి కూడా ఇచ్చేశారు. పైగా ఆయన రుజువు చూపిస్తానంటూ నా టీ గ్లాసులో చిటికెడు వేశాడు. టీ సిరాలా నల్లబడింది. ఆహా, ఏం పవరు అనుకున్నారంతా. తుప్పెక్కిన ఇనుప ఉప్పు టీలోని వగరుతో కలిస్తే క్షణంలో నల్లబడుతుంది; పచ్చగా ఉన్నదైతే అంత తొందరగా నల్లబడదు. అంటే అది చెడిపోయిందనడానికే సాక్ష్యం! దొంగ తన వేలిముద్రలకు తానే పటం కట్టించినట్టు. పైగా టీ నాది.

నేను లేచాను. గంటసేపు ఉపన్యసించాను. పైరేకులు అదిరాయి. ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. వేరే సరుకు రావడానికి వారం పడుతుందని అంగడాయన అన్నందుకు మాత్రమే, కోపంతోనే, ఆ గోతాం మోసుకొచ్చాను.

డ్రమ్ములో కలిపితే సగం ఎర్రమట్టిలా అడుగున కూర్చుంది. దారి వైపు వరసకు కొట్టేసరికి పంపు ముక్కు పూడుకుపోయింది, ఆకుల నిండా తుప్పు మచ్చలు పడ్డాయి. గాలి తగిలితే ఈ ఉప్పు ఎలా చెడుతుందో మా ఆవిడకు వివరంగా చెప్పాను. ఆమె పంపు విప్పుతూ మొత్తం విన్నది.

“ఇంత తెలిసినోడివి ఆడ చెప్పకుండా, ఈడ నాకు చెప్తాండావే.”

మర్నాడు తనే ఆ అంగటికి వెళ్లింది. లోపలి గదిలో కట్టు విప్పని మూట ఉంది. వారం దాకా రాదన్న సరుకు! దాన్ని విప్పించి, పచ్చగా ఉందని చూసుకొని మరీ తెచ్చింది. రెండుసార్లు కొట్టాక కొత్త చిగుళ్లు పచ్చబడ్డాయి.

ఇందులో నేను కల్పించింది నా ఉపన్యాసం ఒక్కటే. పాడైందేమో అని గొణిగిన మాట నిజం. ఆ తర్వాత అందరూ తలలూపుతుంటే నేనూ ఊపాను. దారి వైపు వరసకు ఆ ఏడు ఒక్క కాయ రాలేదు.