కుట్టు బయటికి వేసిన యూనిఫారం

మైపాడు రోడ్డులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రానికి నన్ను ఆక్యుపేషనల్ థెరపిస్టుగా వేసింది ఒక జూన్‌లో, బడులు తెరిచిన వారం. హోదా కాంట్రాక్టు. తినడం, రాయడం, బట్టలు తొడుక్కోవడం లాంటి రోజువారీ పనులు పిల్లలు సొంతంగా చేసుకునేలా చూడటం నా బాధ్యత. ఊరివాళ్లు మాత్రం ఫిజియో సారని పిలిచి మోకాళ్లు చూపించేవారు. నాకు ముప్పై ఒకటో ఏట కాంట్రాక్టు పొడిగింపు రాలేదు. మా ఇంట్లో దాన్నే రిటైర్మెంటు అంటున్నారు.

చేరిన ఏడాది మొదటి కేసు నసీమా, రెండో తరగతి. ఉదయం ప్రార్థన ముగిసేలోపే యూనిఫారం విప్పేసేది. మళ్లీ తొడగబోతే కరిచేది. వాళ్ల బడి హెడ్‌మిస్ట్రెస్ గ్రేస్ మేడమ్ నా ముందు సిఫారసు కాగితం పెట్టారు. నేను సంతకం చేస్తే పిల్ల 'ఇంటి వద్ద విద్య' కిందికి వెళ్తుంది. అంటే వారానికో గంట నేను వాళ్లింటికి వెళ్లినట్టు, మిగతా వారమంతా ఆ పిల్ల గోడ చూస్తూ కూర్చున్నట్టు. నెలాఖరు దాకా గడువడిగాను.

పరీక్షిస్తే స్పర్శను సర్దుకోవడంలో ఇబ్బంది కనిపించింది. మీ చొక్కా కాలరు ఇందాకటి నుంచీ మెడకు తగులుతూనే ఉంది. మెదడు దాన్ని పక్కన పడేసింది గనుక మీకు పట్టలేదు. (ఇప్పుడు పట్టింది. ఏమనుకోకండి.) నసీమా మెదడు దేన్నీ పక్కన పడేయదు. లోపలి కుట్టు అంచు ఆమెకు రోజంతా రంపం. మా థెరపీ గదిలోని ఉయ్యాల, బరువు దుప్పటి వల్ల కొంత కుదుటపడేది. కానీ ఉయ్యాలను తొడుక్కుని బడికి వెళ్లలేదు కదా.

వాళ్లింటికి వెళ్లి చూస్తే, పాత గౌను తిరగేసి వేసుకుని హాయిగా ఆడుకుంటోంది. మందు అక్కడే దొరికింది. కుట్లు బయటికి వచ్చేలా యూనిఫారం కుట్టమని తండ్రికి చెప్పాను. తండ్రి మస్తాన్ దర్జీ. తంటా కూడా అక్కడే దొరికింది.

"ఇంకేమన్నా చెప్పండి సార్, చేస్తా. కుట్టు దాచేదే మా పని. నా కూతురే తిరగేసిన గౌనుతో బజార్లో తిరిగితే, నాకు గుడ్డలిచ్చేదెవురు?"

వారం తిరిగేసరికి తనే కొత్త యూనిఫారం తెచ్చాడు. లోపల లైనింగు, అంచులకు పైపింగు, రెండేసి వరుసల కుట్టు. అంత అందమైన యూనిఫారం ఆ మండలంలో ఏ పిల్లా తొడుక్కుని ఉండదు. నసీమా కూడా తొడుక్కోలేదు.

"అంతా లోపలే పెట్టినా కదా సార్!" అన్నాడు మస్తాన్.

అదే ఇబ్బంది అన్నాను. అతను యూనిఫారం మడిచి తీసుకుపోయాడు. సిఫారసు కాగితం మీద సంతకానికి పెన్ను ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.

గడువు ముగిసే రోజు మస్తాన్ మళ్లీ వచ్చాడు. "దాని మెడ చూసినా సార్. గీరుకొని గీరుకొని కమిలిపోయుండాది. మీరు చెప్పినట్టే కుడతా. కానీ నాకు పనిరాక ఇట్టా కుట్టలేదని మీరు రాసియ్యాల. స్టాంపు కూడా ఎయ్యాల."

రాశాను. యూనిఫారం కుట్లు వైద్య అవసరం మేరకు బయటికి వేయబడినవి, ఇందులో దర్జీ పనితనపు లోపమేమీ లేదు. దర్జీలకు యోగ్యతాపత్రం ఇచ్చే అధికారం నా డిగ్రీకి ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఆ కాగితం అసలును ఫ్రేము కట్టించుకుని మస్తాన్ తన మిషను పైన తగిలించాడు. జిరాక్సు బడికి ఇచ్చాడు. నేను మెదడు గురించి ఎంత చెప్పినా "తనిఖీకొస్తే నన్నడుగుతారు సార్" అంటూ వచ్చిన గ్రేస్ మేడమ్, స్టాంపు చూసి, ఇది ముందే ఇచ్చుంటే అయిపోయేది కదా అన్నారు. సిఫారసు కాగితం సొరుగులోకి వెళ్లిపోయింది.

మర్నాడు ప్రార్థన అయింది. మొదటి పీరియడ్ అయింది. నసీమా యూనిఫారంలోనే ఉంది. పక్కపిల్ల "నీది తిరగబడిందే" అంది.

"మా నాయన కుట్టినాడు. స్టాంపు కూడా ఉండాది" అంది నసీమా.

నయమైపోయిందని రాయను. నా కాంట్రాక్టు ముగిసే నాటికీ గంట మోగితే చెవులు మూసుకునేది. గంటను తిరగేసి కుట్టే దర్జీ లేడు. కానీ బడిలోనే ఉంది.

ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. పిల్లకు ఏం కావాలో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది, పెద్దల పరువుకు ఏం కావాలో కనుక్కోవడానికి నెల. సిలబస్‌లో రెండోది లేదు.