అది పూనకం కాదు

మా మేనత్త పోయిందని బుధవారం పొద్దున్న ఆస్పత్రి నుంచి బావ ఫోన్ చేశాడు. నేను ఏడుస్తూ వీధిలోకి వచ్చేసరికి అరుగు మీద ఆడవాళ్ళు చేతులు జోడిస్తున్నారు. "ఎంత పున్నెం సేసుకున్నాదో! అమ్మోరే తీసుకుపోనాది," అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తకి పూనకం రాలేదు. షుగర్ పడిపోయింది.

నెల్లిమర్లలో మా వీధి జాకెట్లన్నీ అత్తే కుట్టేది. కొలత జాకెట్టు తేకపోతే, "నీ ఒళ్ళు నాకు కల్లోకొస్తాదేటే?" అని తిట్టేది. అమ్మ పోయాక నాకు కుట్టు నేర్పి, నాలుగు మెతుకులు తినే దారి చూపించింది ఆవిడే.

ఇరవై ఏళ్ళుగా రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకునేది. మొదట్లో షుగర్ తగ్గితే చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. మిషన్ ఆపి ఇంత పంచదార నోట్లో వేసుకునేది. మాటిమాటికీ తగ్గడంతో ఒంటికి అలవాటైపోయి ఆ గుర్తులు రావడం మానేశాయి. ఒకసారి నా జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసి నవ్వుతూ కూర్చుంది. పంచదార నీళ్ళు పట్టాక దాన్ని చూసి, "ఇదేటే, ఎవులు కుట్టినారు?" అంది. ఆ రోజే నా చెయ్యి పట్టుకుంది.

"నాకింక తెలీదే. నువ్వే సూడాల. నాను తేడాగా మాటాడితే పంచదార నోట్లో పొయ్యి. నన్నడక్కు. వొద్దంటాను, తిడతాను. అయినా పొయ్యి."

"అలాగే అత్తా," అన్నాను.

మంగళవారం, అమ్మవారి పండగనాడు పొద్దున్నే సూది వేసుకుంది. పూజ కాకుండా తినేసిందంటారని ఏమీ తినలేదు. పదకొండింటికి అవుతుందన్న పూజ ఒంటిగంటైనా కాలేదు. ఘటం ముందు అత్త ఊగడం మొదలుపెట్టింది. చూపు నిలిచిపోయింది. ఏదో గొణుగుతోంది. "అమ్మోరు పూనినాది!" అని ఎవరో అరిచారు. పసుపునీళ్ళు పోశారు, చేతికి వేపమండలిచ్చారు, డప్పు జోరు పెంచారు.

ఎదురుగా బిందెడు బెల్లం పానకం ఉంది. నాకు అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. "అత్తకి షుగరేమో, కాస్త పానకం..." అని నసిగాను.

"నైవేద్దం అవకుండా ఎంగిలి సేస్తావేటే?" అని ఒక పెద్దావిడ కసిరింది.

అంతే, నోరు మూసుకున్నాను. మూసుకుని ఊరుకున్నా బాగుండేది. అందరితో పాటు వరసలో నిలబడి, నా వంతు రాగానే అత్త కాళ్ళకి మొక్కి, "మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటొస్తాదా తల్లీ?" అని అడిగాను. ఆవిడ పెదాలు కదిలాయి. వస్తుందంది అని పక్కవాళ్ళు చెప్పారు. సిగ్గులేకుండా సంతోషించాను.

కాసేపటికి అత్త కూలిపోయింది. బావ ఆటో కోసం పరిగెత్తాడు. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పళ్ళు బిగుసుకుపోయాయి, ఇంక ఏం పోసినా దిగదు. ఆ గొడవలోనే హడావిడిగా పూజ కానిచ్చేశారు. నైవేద్యం అయిపోయింది, పంచడం మొదలైంది. ఎవరో నా చేతిలోనూ ఒక గ్లాసు పానకం పెట్టారు. ఎండకి గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. అత్త తల ఒళ్ళో ఉండగానే గటగటా తాగేశాను.